స్నేహితురాలు చాటింగ్‌లో చెప్పుకున్న బాధ: పోలీసులకు చెప్పొచ్చా?

సందేహం: నాకు 17 ఏళ్లు. హనుమకొండలో ఇంటర్ చదువుతున్నా. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన మంచిర్యాల జిల్లా అమ్మాయి (15), దగ్గరి బంధువు తనతో అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని మెసేజ్‌లు పెట్టింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెబితే నా మీద కేసవుతుందా? చెప్పకపోతే తప్పా?

సలహా: చెప్పినందుకు నీ మీద కేసు కాదు బిడ్డా. సదుద్దేశంతో సమాచారమిచ్చిన వారిపై సివిల్, క్రిమినల్ చర్యలేవీ ఉండవని 2012 నాటి పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం) సెక్షన్ 19(7) చెబుతోంది. తెలిసీ దాచిన పెద్దలకు సెక్షన్ 21 కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడతాయి. 18 నిండనివారికి ఈ శిక్ష లేదు. అయితే నువ్వు అమ్మకో, లెక్చరర్‌కో చెప్పిన క్షణం నుంచి బాధ్యత వాళ్లది. ‘పరువు పోతది, మనకెందుకు’ అని ఊరుకుంటే చట్టం వాళ్లను వదలదు.

ఒట్టు తప్పుతున్నానని కుమిలిపోకు. ఆ అమ్మాయికే ముందు చెప్పు: ‘నిన్ను నమ్ముతున్నా, తప్పు నీది కాదు, నేను నమ్మే ఒక పెద్దమనిషికి చెబుతున్నా’ అని. ఆ తర్వాత అడగాల్సింది ఒక్కటే: అతను ఇప్పుడు ఇంట్లో ఉన్నాడా? ‘ఇలా చేశాడా, అలా చేశాడా’ అని గుచ్చి గుచ్చి అడగొద్దు. కేసులు దెబ్బతినేది చాలాసార్లు ఇక్కడే. ఆ మాటలు ఆమెవి కావు, నువ్వు నేర్పినవని రేపు అవతలి వకీలు వాదిస్తాడు.

చాట్ డిలీట్ చేయొద్దు. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఆపెయ్. ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా, ఎక్కడా కత్తిరించకుండా స్క్రీన్‌షాట్లు తీసుకో. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్‌నూ అడగొచ్చు. కాబట్టి ఫోన్ రీసెట్ చేయకు, అమ్మేయకు. ఆమె అభ్యంతరకర ఫొటోలేమైనా పంపి ఉంటే మాత్రం స్క్రీన్‌షాట్ తీయకు, ఎవరికీ ఫార్వర్డ్ చేయకు, మంచి ఉద్దేశంతోనైనా సరే. అవి ఉన్నాయని పోలీసులకు చెబితే చాలు. కాలేజీ గ్రూపులో ఆమె పేరు, ఊరు, బడి, ఫొటో పెట్టడమూ నేరమే.

ఫిర్యాదుకు మంచిర్యాల వెళ్లక్కర్లేదు. హనుమకొండలో ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) రాయించొచ్చు, వాళ్లే అక్కడికి పంపుతారు. ‘మా పరిధి కాదు’ అంటే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173 గుర్తుచేయమని వెంట వచ్చిన పెద్దవాళ్లకు చెప్పు. స్టేషన్ భయమనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం. ఆమె ఇంటి చిరునామా తెలియకపోయినా ఖాతా పేరుతో మొదలుపెట్టొచ్చు.

పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్సై ఉండాలి. రాత్రిపూట ఆమెను స్టేషన్‌లో ఉంచకూడదు.

నువ్వుగా వాళ్లింటికి ఫోన్ చేయకు, ఆ బంధువును నిలదీయకు. ముందు ఆమె ఫోన్ లాక్కుంటారు, తర్వాత మాట మార్పిస్తారు. ‘బతకాలని లేదు’ అని ఆమె రాసినా, ఆ రాత్రే ప్రమాదముందని అనిపించినా ఎవరి కోసమూ ఆగకుండా అత్యవసర నంబర్ 112కి ఫోన్ చెయ్.