విశ్రాంతి దినాన ‘విడుదల’

సందేహం: లూకా సువార్త 13వ అధ్యాయంలో, 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన ఒక స్త్రీని యేసు విశ్రాంతి దినాన సమాజమందిరంలో (యూదుల ప్రార్థనాస్థలంలో) బాగుచేస్తాడు. ‘అమ్మా, నీ బలహీనతనుండి విడుదల పొందియున్నావు’ అని తెలుగు బైబిలులో చదువుతాం. విడుదల ఖైదీలకు కదా, రోగికి ‘స్వస్థత’ అనవద్దా? ‘విశ్రాంతి దినము’ అన్నది సబ్బాతుకు (యూదులు పని మానే ఏడో రోజుకు) సరైన మాటేనా?

సమాధానం: ‘విడుదల’ ఇక్కడ సాధువే. దాన్ని తీసేస్తే కథలోని వాదమే తెగిపోతుంది.

ముందు తెలుగు సంగతి. మన వ్యవహారంలో రోగం మనిషిని పట్టుకుంటుంది, తరవాత వదులుతుంది. జ్వరం విడిచింది అంటాం, పట్టిన పీడ విరగడైంది అంటాం. ‘విడు’ ధాతువుకు ‘దల’ చేరి, పెరుగుదల, తగ్గుదల లాగానే ‘విడుదల’ ఏర్పడింది. చెరసాలతో దానికి ఏర్పడిన సంబంధం వాడుకలో బలపడినదే తప్ప, మాటలో పుట్టుకతో ఉన్నది కాదు. ‘దయ్యము పట్టిన’ స్త్రీ అని మొదలైన కథ ‘విడుదల’ దగ్గరికి రావడం తెలుగు చెవికి సహజంగానే ఉంటుంది.

ఇక మూలం సంగతి. యేసు ఆ స్త్రీతో అన్న మాటలోని గ్రీకు క్రియకు మూలధాతువు ‘లూఓ’, అంటే ముడి విప్పు. సమాజమందిరపు అధికారి, పని చేయడానికి ఆరు రోజులున్నాయి కదా, ఆ రోజుల్లో వచ్చి బాగుచేయించుకోండి అని యేసును ఏమీ అనకుండా జనాన్ని మందలిస్తాడు. దానికి జవాబుగా యేసు, మీలో ప్రతివాడూ విశ్రాంతి దినాన తన ఎద్దునో గాడిదనో గాటి దగ్గర నుంచి ‘విప్పి’ తోలుకుపోయి నీళ్లు పెట్టడా అని అడిగి, అబ్రాహాము కుమార్తె అయిన ఈమెను ఈ కట్ల నుంచి ‘విడిపింప’ తగదా అంటాడు. ఈ రెండు చోట్లా గ్రీకులో అదే ‘లూఓ’. తెలుగులో విడుదల, విప్పి, విడిపింప అని మూడు రూపాలయినా, మూడూ ‘వి’తో మొదలై ఒకదానినొకటి తలపిస్తాయి. ‘స్వస్థత పొందితివి’ అని ఉంటే గాటికి కట్టిన ఎద్దుకూ వంగిన నడుముకూ మధ్య ఉన్న తాడు పాఠకుడికి కనిపించేది కాదు.

క్రియారూపాన్ని కూడా గమనించాలి. ‘పొందెదవు’ అనలేదు, ‘పొందుము’ అనలేదు, ‘పొందియున్నావు’ అన్నారు. జరిగిపోయి, దాని ఫలం ఇప్పుడు నిలిచి ఉన్న స్థితిని చెప్పే గ్రీకు రూపానికి ఇది చక్కగా సరిపోయింది. యేసు చేతులుంచినది ఈ మాట తరవాత. ఆమె నిటారుగా నిలబడినది ఆ తరవాత. నడుము ఇంకా వంగి ఉండగానే విడుదల జరిగిపోయిందని చెప్పిన ఆ ఒక్క ‘యున్నావు’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

యూదుల ధర్మశాస్త్ర సంప్రదాయంలో ముడి విప్పడం చిన్న విషయం కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా, సబ్బాతునాడు చేయకూడని పనులను 39గా లెక్కించి, ముడి వేయడాన్నీ విప్పడాన్నీ వాటిలో చేర్చింది. ఒంటెలు తోలేవాళ్ల ముడి, ఓడవాళ్ల ముడి విప్పితే దోషమనీ, ఒంటి చేత్తో విప్పగలిగిన ముడికి దోషం లేదని రబ్బీ (యూదుల ధర్మబోధకుడు) మేయీర్ అన్నాడనీ అందులో ఉంది. పశువుల విషయంలో సడలింపులూ ఉన్నాయి. కాబట్టి అధికారి ఆక్షేపణ వెనక నిజమైన నిష్ఠ ఉంది. అతన్ని వట్టి మూర్ఖుడిగా చదవడం న్యాయం కాదు.

ఇప్పుడు ‘విశ్రాంతి’. హీబ్రూ ‘షబ్బాత్’ మూలార్థం ఆగడం, మానడం. సంస్కృత ‘విశ్రాంతి’ శ్రమ్ ధాతువు నుంచి వచ్చింది. పరిశ్రమ, ఆశ్రమం దాని తోబుట్టువులే. అలసట తీరడం దాని అర్థం. వ్యుత్పత్తి మాత్రమే చూస్తే ‘విరామం’ దగ్గరి మాట. సృష్టి ముగించి ఏడో రోజున విశ్రమించిన దేవుడు అలసిపోయాడా అన్న ప్రశ్నకూ తావుండేది కాదు. అయినా నేను ‘విశ్రాంతి’నే ఉంచమంటాను. పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో సబ్బాతు ఆజ్ఞ, నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి అంటుంది; అక్కడ హీబ్రూలో సేదతీరడాన్ని చెప్పే వేరే క్రియ ఉంది. నిర్గమకాండం 20వ అధ్యాయం ఈ దినానికి సృష్టిని కారణంగా చెబితే, ద్వితీయోపదేశకాండంలో ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి విడిపించిన సంగతిని జ్ఞాపకం చేశారు. ఈ రెండు హీబ్రూ పాఠాల్లో, సబ్బాతు ఆజ్ఞలో ఎద్దునూ గాడిదనూ పేరుపెట్టి చెప్పినది కూడా ద్వితీయోపదేశకాండమే. యేసు ఆ రెండు పశువులనే ఎత్తుకున్నాడంటే, ఈ పాఠం ఆయన మనసులో ఉందని నాకు అనిపిస్తుంది.

ఆ 18 ఏళ్లలో 900కు పైగా సబ్బాతులు గడిచి ఉంటాయి. అన్నిటిలోనూ పని ఆగింది. ఆమె నడుముకు మాత్రం శ్రమ తీరలేదు. అందువల్ల ‘విశ్రాంతి దినము’, ‘విడుదల’ రెండింటినీ ఉన్నవి ఉన్నట్టుగానే వాడండి. వాడుకభాషలో తిరిగి చెప్పేటప్పుడు ‘నీ జబ్బు నయమైంది’ అనకుండా, ‘అమ్మా, నీ జబ్బు నుంచి నీకు విడుదల అయింది’ అనండి.