ఈ తారీఖున ఏ పాట?

పోయిన సంచికలో, అమెరికా రేడియోల్లో రోజూ వచ్చే ‘రాక్ చరిత్రలో ఈ రోజు’ లాంటి కార్యక్రమాల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఏ తారీఖున ఎవరు పుట్టారు, ఏ ఆల్బమ్ వచ్చింది, ఏ బ్యాండ్ విడిపోయింది అని చెప్పి ఆ పాటే వేసే షోలు అవి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ చోటు లేదు కాబట్టి కొన్నే.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆఫీసుకు పోయేటప్పుడు కార్లో ఇట్లాంటి షో వింటాడట. పాట వినాలంటే వినొచ్చు గానీ, తారీఖు తెలుసుకుని ఏం చేస్తారండీ? — రిటైర్డ్ మాస్టారు, కావలి

మాస్టారూ, ఇబ్బంది వినేవాళ్ళది కాదండీ, వేసేవాళ్ళది. క్లాసిక్ రాక్ స్టేషన్ అంటే దాదాపుగా 60ల నుంచి 80ల దాకా వచ్చిన పాటలే, అందులోనూ జనం మళ్ళీ మళ్ళీ అడిగేవి కొన్నే, వాటినే ఏళ్ళ తరబడి తిప్పుతుంటారు. వినేవాళ్ళకు ప్రతి పాటా కంఠతా వచ్చు. మరి నిన్న వేసిన పాట ఈ రోజు మళ్ళీ ఎందుకు వేస్తున్నావయ్యా అంటే అనౌన్సర్ దగ్గర ఏదో ఒక సాకు ఉండాలి కదా. ఆ సాకే తారీఖు.

అయితే మంచి అనౌన్సర్ తారీఖు చెప్పి ఊరుకోడు. జనవరి 30 తీసుకోండి. 1969లో ఆ రోజు మధ్యాహ్నం లండన్‌లో సెవిల్ రో వీధిలో బీటిల్స్ బ్యాండ్ వాళ్ళు తమ ఆఫీసు మేడ ఎక్కి ముందస్తు ప్రకటన ఏమీ లేకుండా వాయించడం మొదలుపెట్టారు. చలికి తట్టుకోలేక జాన్ లెనన్ తనకు కాబోయే భార్య ఫర్ కోటు, రింగో స్టార్ తన భార్య ఎర్ర రెయిన్ కోటు వేసుకున్నారు. కింద భోజనాల వేళకు బయటికొచ్చిన గుమాస్తాలు తలలెత్తి చూస్తున్నారు, చుట్టుపక్కల మేడల మీదికి జనం ఎక్కారు, 42 నిమిషాలు గడిచేసరికి పోలీసులు వచ్చి ఆపించారు. నలుగురూ కలిసి జనం ముందు వాయించడం అదే ఆఖరు. ఇదంతా చెప్పి పాట వేస్తే, వెయ్యిసార్లు విన్న వాడు కూడా వాల్యూమ్ పెంచుతాడు. ‘ఈ రోజు రూఫ్‌టాప్ కచేరీ జరిగి ఇన్నేళ్ళయింది’ అని ఒక్క ముక్కతో సరిపెడితే ఎవరికి పట్టింది?

అన్నట్టు మన దగ్గర జనవరి 30 అంటే గాంధీగారి వర్ధంతి. పొద్దున 11 గంటలకు రెండు నిమిషాలు మౌనం పాటించే రోజు. ఇదే షో మన రేడియోలో వస్తే ఆ పూట దాన్ని ఏ టైముకు జరపాలో కూడా చూసుకోవాల్సిందే.

సెప్టెంబర్ 25 వస్తే మా నెల్లూరోళ్ళకు బాలు గారు తప్ప ఇంకేం గుర్తు రాదు. ఆ తారీఖున మీ రాక్ వాళ్ళకు ఏమన్నా ఉందా? — బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

ఉంది. బాలు గారు 2020 సెప్టెంబర్ 25న పోయారు. సరిగ్గా 40 ఏళ్ళ ముందు, 1980లో అదే తారీఖున లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయాడు. వయసు 32. ఆ బ్యాండ్ పాటల్లో డ్రమ్స్ దెబ్బ వింటుంటే ఎక్కడో పెద్ద హాల్లో గోడలు అదురుతున్నట్టు ఉంటుంది, అది ఆయన చెయ్యి. ఇంకొకర్ని పెట్టుకుని నడిపించొచ్చు, డబ్బూ వచ్చేది, కానీ మిగిలిన ముగ్గురూ మా వల్ల కాదని బ్యాండ్‌నే ఆపేశారు. ఆ సంగతి ప్రకటించిన రోజు 1980 డిసెంబర్ 4. డిసెంబర్ 4 ఎవరి పుట్టినరోజో మీకు నేను చెప్పాలా? ఘంటసాల మాస్టారిది, 1922.

దీంట్లో మహత్యం వెతకొద్దు. చరిత్రంతా 366 డబ్బాల్లో సర్దాలంటే పొంతన లేనివి రెండు ఒకే డబ్బాలో పడకుండా ఎట్లా ఉంటాయి! కాకపోతే రేడియో మనిషికి ఇది బంగారం. బాలు పాట ఒకటి వేసి, దాని వెనకే బోనమ్ డ్రమ్స్ వేసి, మధ్యలో రెండే రెండు మాటలు మాట్లాడగలిగితే చాలు, తిప్పరాజువారి వీధిలో టీ తాగుతున్న మనిషి కూడా ఇదేందబ్బా అని చెవి అటు పెడతాడు. ఆ వీధిలోని తన ఇంటినే బాలు గారు పోయే ముందు వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. నెల్లూరులో చేసే షో అయితే ఆ సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు.

ఒకే సంగతికి ఒక చోట ఒక తారీఖు, ఇంకో చోట ఇంకో తారీఖు కనిపిస్తోంది. ఏది నమ్మాలి? — లెక్చరర్, కందుకూరు

చాలాసార్లు రెండూ నిజమే అవుతాయి, తికమకంతా అక్కడే. జాన్ లెనన్‌ను న్యూయార్క్‌లో కాల్చింది 1980 డిసెంబర్ 8 రాత్రి పదకొండు కావస్తుండగా. అప్పటికి కందుకూరులో డిసెంబర్ 9 పొద్దున తొమ్మిది దాటింది, పిల్లలు బడికి పోయే టైము. వర్ధంతి ఎప్పుడంటే 8 అనే చెప్పాలి, ఎక్కడ జరిగితే అక్కడి తారీఖే లెక్క. కానీ మన దేశంలో ఆ వార్త విన్నవాళ్ళకు ఆ రోజు 9వ తారీఖే కదా, అది తప్పంటే ఎట్లా.

ఆల్బమ్‌ల సంగతి ఇంకా గందరగోళం. బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఇంగ్లండులో 1967 జూన్ 1న వస్తుందని కంపెనీ ప్రకటించింది, తీరా చూస్తే మే 26కే షాపుల్లోకి తోసేశారు, అమెరికాలో జూన్ 2. మూడు తారీఖులకూ పండగ చేసేవాళ్ళున్నారు. నన్నడిగితే జనం చేతికి రికార్డు అందిన రోజే అసలు రోజు. సినిమా వాళ్ళు మూడుసార్లు వాయిదా వేసిన తారీఖులకు మనం వార్షికోత్సవం చేస్తామా ఏంటి.

మన పాటలకూ ఇదే పేచీ. బాలు గారు మొదటి సినిమా పాట పాడింది 1966 డిసెంబర్ 15న, ఆ సినిమా విడుదలైంది మరుసటి ఏడాది. గాయకుడి లెక్క పాడిన రోజు నుంచే మొదలవుతుందని నా పట్టు. మీరు కాదంటే వాదించడానికి సిద్ధం.

రాత్రంతా రొయ్యల గుంటల కాడ కాపలా. నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల మోతలో ఫోన్‌లో పెట్టిన పాట సగం వినపడదు. ఈ రాక్ ఏమన్నా పనికొస్తదా? — ఆక్వా రైతు, అల్లూరు మండలం

మీ ప్రశ్న చూసి నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే అసలైన ప్రశ్న మీదే. నెమ్మదిగా సాగే మెలొడీని, వీణ మీద సన్నటి గమకాన్ని ఏరేటర్ మింగేస్తుంది. నాలుగే నాలుగు స్వరాలతో అదే ముక్కను తిప్పి తిప్పి కొట్టే గిటార్‌ను మింగలేదు. డీప్ పర్పుల్ బ్యాండ్ వాళ్ళ ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ఒకసారి పెట్టి చూడండి. కాకపోతే ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ దూర్చుకోవద్దు అన్నా. ఏరేటర్ ఆగిపోతే తెలియాలి, కరెంటు పోయిన సంగతి పాట అయ్యాక తెలిస్తే గుంట మొత్తం పోతుంది.

ఘంటసాలను, పెండ్యాలను వదిలేసి ఈ జులపాల జుట్టు వాళ్ళ పుట్టినరోజులు మనకెందుకయ్యా? — పాత శ్రోత, చీరాల

జిల్లా బాపట్లకు మారినా చీరాల వాళ్ళు ప్రకాశం పేజీని వదలరు, సంతోషం. వదిలేయమని ఎవరన్నారు పెద్దాయనా? మీ తరం వాళ్ళే కొలంబో స్టేషన్‌లో తెలుగు పాటలు రాగానే మిగతా పనులన్నీ ఆపి కూర్చున్నది. సముద్రం అవతలి దేశం వాళ్ళు, మీనాక్షి పొన్నుదురై గొంతుతో, మన పాటలు మనకే వినిపించారు. ఆ రోజు పరాయి అనుకోలేదు కదా.

ఇంకో సంగతి. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెద్ద కచేరీ జరిగింది. అడిగింది పండిత్ రవిశంకర్, కూడగట్టింది బీటిల్స్‌లోని జార్జ్ హారిసన్. ముందు రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, అల్లా రఖా కూర్చున్నారు. వాద్యాలు శ్రుతి చేసుకుని ఆపగానే హాలంతా చప్పట్లు! పాట అయిపోయిందనుకున్నారు పాపం. శ్రుతి చేయడమే మీకు ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నా అన్నాడు రవిశంకర్, నవ్వుతూ. అదే రవిశంకర్ అంతకు రెండేళ్ళ ముందు, సరిగ్గా మన స్వాతంత్ర్య దినం నాడు, 1969 ఆగస్టు 15 రాత్రి, అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వానలో సితార్ వాయించాడు. క్వీన్ బ్యాండ్ ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా, పార్సీ కుర్రాడు, జాంజిబార్‌లో పుట్టి మహారాష్ట్రలో పంచగని బడిలో చదివాడు. పుట్టింది 1946 సెప్టెంబర్ 5, మన టీచర్స్ డే. బాలు గారు అదే ఏడాది జూన్ 4. మూడు నెలల తేడా. వీళ్ళను పరాయివాళ్ళనడం ఏం న్యాయం?

పెండ్యాల మీద విడిగా రాస్తాను, మాటిస్తున్నా.

అన్నా, మాది ఇంజనీరింగ్ కాలేజీ. ఇట్లాంటి షో తెలుగులో రోజూ పది నిమిషాలు చేద్దామని ఫ్రెండ్స్ అందరం అనుకుంటున్నాం. ఎట్లా మొదలుపెట్టాలి? టెన్షన్‌గా ఉంది. — విద్యార్థి, ఒంగోలు

టెన్షన్ ఎందుకు తమ్ముడూ, ముందు నెట్‌లో దొరికే లిస్టుల్ని మూసెయ్యి. రోజుకు 40 సంగతులు ఉంటాయి వాటిలో, అన్నీ చదివితే షో కాస్తా హాజరు పట్టీ అవుతుంది. రోజుకు ఒక్కటే తీసుకో. డిసెంబర్ 4నే తీసుకుందాం, ఇందాక ఏరేటర్ల దగ్గర చెప్పిన పాటే.

1971లో ఆ రోజు స్విట్జర్లండ్‌లోని మాంట్రూ ఊళ్ళో, సరస్సు ఒడ్డున కాసినోలో ఫ్రాంక్ జాపా కచేరీ. అక్కడే తమ ఆల్బమ్ రికార్డు చేసుకుందామని డీప్ పర్పుల్ వాళ్ళు, రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో బ్యాండ్ వాళ్ళ రికార్డింగ్ లారీని బాడుగకు తీసుకుని వచ్చి ఉన్నారు. జనంలో ఎవడో ఫ్లేర్ గన్, అంటే సంకేతం కోసం మంట పేల్చే తుపాకీ, పైకప్పు వైపు పేల్చాడు. కాసినో కాలి బూడిదైంది. క్లాడ్ నోబ్స్ అనే నిర్వాహకుడు లోపలికి పరుగెత్తి పిల్లల్ని బయటికి లాగాడు. సరస్సు మీద పొగ పరుచుకోవడం బ్యాండ్ వాళ్ళు హోటల్ కిటికీలోంచి చూశారు. పాటకు పేరు అట్లా వచ్చింది. రికార్డింగ్‌కు చోటు లేక, మూతపడి ఉన్న గ్రాండ్ హోటల్లో పరుపులు అడ్డం పెట్టుకుని పని కానిచ్చారు. జరిగింది జరిగినట్టే పాటలో ఉంది, క్లాడ్ పేరుతో సహా.

ఇప్పుడు రేడియో పని. ఆ పాటలో గొంతు మొదలయ్యే ముందు దాదాపు 50 సెకన్లు వట్టి సంగీతమే, ముందు గిటార్ ఒక్కటే, తర్వాత మిగతావి ఒకదాని వెనక ఒకటి చేరతాయి. కథలో చివరి నాలుగు వాక్యాలు ఆ సంగీతం మీద చెప్పు, గాయకుడు నోరు తెరిచేలోపు నువ్వు మూసెయ్యాలి. గడియారం పెట్టుకుని సాధన చెయ్యి, అందరూ తడబడేది అక్కడే. గాయకుడి గొంతు మీద మాట్లాడే అనౌన్సర్‌ను శ్రోతలు క్షమించరు. ఇంగ్లిష్ యాస పెట్టకు, మీ ఒంగోలు మాటే మాట్లాడు.

హక్కుల విషయంలో మాత్రం ఫ్రీ అనుకోవద్దు. మన చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. పాట రాసి, బాణీ కట్టినవాళ్ళ హక్కు వేరు, వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది, ఇద్దరు కలిసి చేస్తే ఆఖర్న పోయినవాళ్ళ నుంచి లెక్క. అందుకే 1962 నాటి బీటిల్స్ రికార్డు పాతబడినా పాట హక్కు పాతబడలేదు, పాల్ మెకార్ట్‌నీ నిక్షేపంగా ఉన్నాడు. కాలేజీ వాళ్ళు కమ్యూనిటీ రేడియో లైసెన్సు తీసుకోవచ్చు, చెన్నైలో అన్నా యూనివర్సిటీ వాళ్ళు 2004లోనే మొదలుపెట్టారు. పాటలకు మాత్రం రికార్డు హక్కులు చూసే పీపీఎల్, పాట రాసి బాణీ కట్టినవాళ్ళ హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్ సంస్థల వాళ్ళను అడిగి అనుమతి తీసుకోండి. అప్పటిదాకా కాలేజీ క్యాంటీన్‌లో మాటలు మాత్రమే ప్రాక్టీస్ చేయండి, నవ్వేవాళ్ళు నవ్వనీ.

సార్, ఫిబ్రవరి 29న ఏం వేస్తారు? — తొమ్మిదో తరగతి, కనిగిరి

ఇందాక మూడు తారీఖుల గొడవ చెప్పానే, ఆ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమే వేయొచ్చు. 1968 ఫిబ్రవరి 29న ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా దానికి గ్రామీ అవార్డు ఇచ్చారు, రాక్ ఆల్బమ్‌కు ఆ అవార్డు రావడం అదే మొదలు. తీసుకోవడానికి బీటిల్స్ నలుగురిలో ఒక్కడూ అక్కడ లేడు. అందరూ మన రిషికేశ్‌లో, మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ఉన్నారు.