అమ్మ చాట్‌బాట్ చెప్పిందల్లా నమ్ముతోంది, ఎందుకు?

మీ అమ్మగారు బీపీ మాత్రల గురించి కూడా చాట్‌బాట్‌నే అడుగుతున్నారని, చదువుకున్న మనిషి అంత గుడ్డిగా ఎలా నమ్ముతున్నారని అడిగారు. దీనికీ చదువుకీ సంబంధం లేదండి. అది చెప్పే విషయం కన్నా, తెర మీద అది కనిపించే తీరే ఎక్కువ నమ్మిస్తుంది.

మాది అనంతపురం దగ్గర పల్లె. నాయన చెనిక్కాయ వేస్తాడు. పోయిన ఖరీఫ్‌లో ఆకుల మీద మచ్చలొస్తే ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు మూడు చుక్కలు కదిలాయి. "చూడు, ఆలోచన చేస్తాంది" అన్నాడు. తర్వాత అది "మీ బాధ నాకు అర్థమైంది" అని మొదలుపెట్టి మందు పేరు, మోతాదు చెప్పేసింది. ఆకు చూడకుండానే! అంగట్లో మందులమ్మే ఆయన్ని సవాలక్ష ప్రశ్నలేసే నాయన దీన్ని ఒక్కటీ అడగలేదు.

మాటలు ఒక్కొక్కటే పడటం దాని పద్ధతి. జవాబును ముక్కముక్కగానే తయారుచేస్తుంది. చూసేవాళ్లకు మాత్రం అవతల ఎవరో టైప్ చేస్తున్నట్టే ఉంటుంది. 'నేను' అంటుంది, క్షమించమంటుంది. 'తప్పులు ఉండొచ్చు' అన్న ముక్క మాత్రం అడుగున బూడిద రంగులో, కంటికి ఆనని సైజులో! నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇది కొత్త సంగతి కాదు. 1960లలో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. అదెలా తయారైందో తెలిసిన ఆయన సెక్రటరీయే, దాంతో మాట్లాడుతూ ఆయన్ని గది బయటికి వెళ్లమంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ మనం ఏమన్నా మరీ తానతందాన అంటోందని, దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ ఒక అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. జవాబు బాగుందనో బాగోలేదనో జనం నొక్కే బొటనవేలి బొమ్మలను లెక్కలోకి తీసుకోవడమూ ఒక కారణం కావచ్చని ఆ కంపెనీయే చెప్పింది.

నాయనకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక చాట్‌లో "ఇది తిక్క తెగులే కదా?" అని, ఇంకో కొత్త చాట్‌లో అవే లక్షణాలు చెప్పి "ఇది తుప్పు తెగులే కదా?" అని ఆయన చేతే అడిగించాను. రెండిటికీ అవుననే చెప్పింది. నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేనికెళ్లి ఆకు తిప్పి అడుగుభాగం చూశాడు. తుప్పైతే అక్కడ నారింజ రంగు పొక్కులుంటాయి. నాలుగాకులు తెంపుకొని రైతు సేవా కేంద్రానికి పోయాడు.

మీరూ అమ్మగారితో "ఈ మాత్ర మానేయొచ్చు కదా?" అని ఒకసారి, "మానకూడదు కదా?" అని ఇంకోసారి విడివిడి చాట్‌లలో అడిగించి చూడండి. జవాబు ఏదొచ్చినా, డాక్టరును అడక్కుండా మాత్ర మాత్రం ఆపనివ్వకండి.