ఫారం-సి ‘కోరం లేదు’ అని తిరిగొస్తే

అన్నా, అడవిపై గూడెం ఉమ్మడి హక్కు కోరుతూ పెట్టిన మీ ఫారం-సి దరఖాస్తు, గ్రామసభకు కోరం (రావాల్సిన కనీస హాజరు) లేదని తిరిగొచ్చిందన్నారు. మీరు రాసిన లెక్కనే చూద్దాం. గూడెంలో 140 మంది పెద్దవాళ్లు, సభ హాజరులో సంతకాలు 58, అందులో ఆడవాళ్లవి 11. అటవీ హక్కుల నియమాల ప్రకారం సగం మంది, అంటే 70 మంది రావాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, అంటే 70కి 24. రెండు చోట్లా తగ్గింది. అయినా ఇది తిరస్కరణ కాదు. లోపముంటే, దరఖాస్తులు పరిశీలించే సబ్-డివిజన్ కమిటీ గ్రామసభకే తిప్పి పంపాలని 2012 సవరణ చెప్తోంది, కాబట్టి కొత్త ఫైలు అక్కర్లేదు, సభ మళ్లీ పెడితే చాలు.

ముందు ఆ సభకు హాజరు పుస్తకం సరిగ్గా తయారు చేసుకోండి. మీ ఏటూరునాగారం వైపు షెడ్యూల్డ్ ప్రాంతం (ఆదివాసీల కోసం ప్రత్యేకంగా గుర్తించింది) కదా, అక్కడ గూడేనికే సొంత గ్రామసభ ఉంటుంది. పంచాయతీ మొత్తం ఓటర్ల జాబితా తెచ్చి పెడితే కోరం ఎప్పటికీ నిండదు. పేరు, వయసు, ఆడ-మగ, సంతకం లేదా వేలిముద్ర: ఇన్ని గళ్లు చాలు.

సభ మిర్చి ఏరేటప్పుడో, తునికాకు కోతలప్పుడో పెట్టొద్దు. ఆడవాళ్లు పొద్దున్నే కూలికి పోతారు, 11 సంతకాలకు కారణం బహుశా అదే. సాయంత్రం పెట్టండి.

మీరు కోరే అడవి హద్దుల పరిశీలనకు ఫారెస్టు, రెవెన్యూ వాళ్లకు రాతపూర్వకంగా తెలిపి, కాపీపై అందినట్టు ముద్ర వేయించుకోండి. వాళ్లు రాకుండా తర్వాత అభ్యంతరం పెడితే ఒక్కసారే మళ్లీ పరిశీలన ఉంటుంది. అప్పుడూ రాకపోతే గ్రామసభ మాటే చెల్లుతుంది. ఆ ముద్ర కాగితం పోగొట్టుకోకండి.