ఎయిడ్స్ పేరు చెబితే హడల్, షుగర్ అంటే మాత్రం లెక్కలేదు

"ఎయిడ్స్ కాకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే జబ్బులు ఇంకేమున్నాయి?" అని అడిగారు. చాలానే ఉన్నాయి గానీ, నన్నడిగితే మొదట రాయాల్సింది షుగర్. మన ఇళ్లలో దాన్ని ఎవరూ ఆ లెక్కలో వేయరు, "ఈ రోజుల్లో ఎవరికి లేదులే" అనేసి ఇంకో లడ్డూ అందుకుంటారు.

మాది నెల్లూరు వైపు. అక్కడ పెద్ద జబ్బు ఏది చేసినా చెన్నై రైలెక్కడమే, ఇక్కడ చుట్టాలెవరుంటే వాళ్లింట్లో దిగడమే. అలాగే మా బాబాయిని కాలి పుండుతో వడపళనిలో మా ఇంటికి తీసుకొచ్చారు. మొదట అది చెప్పు కరిచిన గాయం, అంతే. నొప్పి తెలియకపోవడంతో వదిలేశాడు, తీరా చూసేసరికి బొటనవేలు నల్లబడింది. పైగా వాట్సాప్‌లో ఎవరో పంపారని పిన్ని రోజూ ఇమ్యూనిటీ కషాయం కాచి ఇస్తోంది, అందులో బెల్లం! షుగర్ 400 దాటిన మనిషికి!

ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల కాగితంలో హెచ్ఐవీ (ఎయిడ్స్ తెచ్చే వైరస్) పరీక్ష అని కనబడింది. పిన్ని ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడుపు. "ఆయన అలాంటి మనిషి కాదమ్మా, ఊళ్లో ఎవరికీ చెప్పొద్దు" అని నా చేతులు పట్టుకుంది. ఆపరేషన్ అంటే చాలాచోట్ల అందరికీ రాస్తారు పిన్నీ అంటే వినదే. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషికి విషయం చెప్పి, ఒప్పుకున్నాకే ఆ పరీక్ష చేయాలి. అక్కడ ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు, ఆ కోపం నాకింకా పోలేదు. నెగెటివ్ అని వచ్చాక తిరుపతి మొక్కు కూడా మొక్కేశారు. అదే రిపోర్టులో మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (HbA1c) 12 శాతం అని, అంటే చాలా ఎక్కువని ఉంటే ఎవరూ కళ్లెత్తి చూడలేదు. వేలు పోయింది దానివల్లే.

రక్తంలో చక్కెర ఎప్పుడూ ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవుల్ని మింగే తెల్లకణాలు మందగిస్తాయి, కాళ్లకు రక్తం సరిగా అందదు, నరాలు మొద్దుబారతాయి. 2021లో కోవిడ్ సమయంలో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లే, దానికి కోవిడ్‌కు వాడిన స్టెరాయిడ్లు తోడయ్యాయి.

హెచ్ఐవీని మన దేశంలో మొదట కనిపెట్టింది ఈ చెన్నై డాక్టర్లే, 1986లో, మద్రాస్ మెడికల్ కాలేజీలో సునీతి సోలోమన్, ఆవిడ శిష్యురాలు నిర్మల. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ సరిగ్గా వేసుకుని, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే శృంగారం ద్వారా భాగస్వామికి అంటదు కూడా. అయినా ఆ పేరు వింటే గ్లాసు వేరుగా పెట్టే చదువుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకేం చెబుతాం.

మిగతావి అంటారా, బ్లడ్ క్యాన్సర్లు, కిడ్నీలు పాడవడం, పిల్లల్లో పోషకాహార లోపం. తట్టు కూడా, అది వచ్చిపోయాక అంతకుముందు వేరే జబ్బుల మీద ఒంట్లో ఉన్న రక్షణ కొంత తుడిచిపెట్టుకుపోతుంది, అందుకే టీకా మానొద్దు. జబ్బు కాకపోయినా, మోకాళ్ల నొప్పులకని చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చే మాత్రలు కూడా చూసుకోండి, కొన్నిసార్లు వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, ఇమ్యూనిటీని తగ్గిస్తుంది, షుగర్‌నీ పెంచుతుంది. బాబాయి సంచిలో అలాంటి స్ట్రిప్పు ఒకటి దొరికింది. ఎవరు రాశారంటే "రాసేదేముంది, షాపతను మనోడే" అన్నాడు. అలాగని చాలా రోజులుగా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు ఇది చదివి ఉన్నపళంగా ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.