గుర్తుల్లేని సింగిల్ షాట్ రైఫిల్ కాస్టింగ్స్: మోడల్ కంటే ముందు స్టీల్ ఏదో తేల్చుకోండి

ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి పాత సామాన్ల అమ్మకంలో) మీకు దొరికిన పెట్టెలో రిసీవర్ (తుపాకీ నడిమి చట్రం), బ్రీచ్ బ్లాక్ (తూటా వెనక గొట్టాన్ని మూసే దిమ్మ), లివర్, హ్యామర్ పచ్చి కాస్టింగ్స్‌గా, అంటే పోతపోసి ఇంకా చెక్కని ముక్కలుగా ఉన్నాయి, ఎక్కడా పేరు, నంబరు లేవు, ఇది ఏ సింగిల్ షాట్ (ఒక్కోసారి ఒక్క తూటానే పట్టే) రైఫిల్‌ది, ఎలా ఫినిష్ చేయాలి అని అడిగారు. ఇలాంటి సెట్టు ఒకటి నేను పూర్తి చేశాను కాబట్టి రాస్తున్నా.

మోడల్ పట్టుకోవడం అంత కష్టమేం కాదు. రిసీవర్ కుడిపక్క లాక్ ప్లేట్ (హ్యామర్ యంత్రాంగాన్ని మోసే పలక) కోసం గుంట ఉంటే షార్ప్స్ 1874 వైపు చూడండి. అడ్డంగా రెండు లావు పిన్నుల రంధ్రాలు ఉండి, బ్లాక్ నిలువుగా జారే గాడి లేకపోతే రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్. బ్లాక్ నిలువుగా రెండు సగాలుగా ఉంటే బల్లార్డ్. పక్క గోడలు బ్లాక్‌ని దాదాపు పైదాకా కప్పేస్తే వించెస్టర్ 1885 హైవాల్, అంటే అమెరికన్ తుపాకీల రూపకర్త జాన్ బ్రౌనింగ్ డిజైన్. పాత రైఫిల్‌నే నమూనాగా పెట్టి పోస్తే స్టీల్ చల్లారేటప్పుడు రెండు శాతం దాకా కుంచించుకుపోతుంది, కాబట్టి మెషీనింగ్ చేయని కొలతలు అసలుదానికంటే కాస్త చిన్నవిగా వస్తే కంగారు పడకండి, కానీ అసలు విడిభాగాలు అందులో సరిపోతాయని కూడా అనుకోకండి.

అసలు సంగతి స్టీల్. 8620, 4140 అనే రెండు రకాల స్టీళ్లు పైకి ఒకేలా ఉంటాయి. మొదటిదాంట్లో కార్బన్ 0.20 శాతం, కేస్ హార్డెన్ చేస్తారు (పై పొరకి కార్బన్ పట్టించి దాన్ని మాత్రమే గట్టిపరుస్తారు), రెండోదాంట్లో 0.40, దాన్ని కూడా అలాగే కాల్చి నీళ్లలో ముంచితే పగిలిపోవచ్చు. నేను స్క్రాప్ యార్డులో ఎక్స్‌ఆర్ఎఫ్ మెషీన్‌తో (లోహంలో ఏ మూలకాలు ఎంతున్నాయో ఎక్స్‌రేతో చెప్పేది) చూపించాను. అది కార్బన్ చూపించదు, కానీ నికెల్ చూపిస్తుంది: నికెల్ అర శాతం దగ్గర, క్రోమియం కూడా అంతే ఉంటే 8620 కావచ్చు, నికెల్ దాదాపు లేకుండా క్రోమియం ఒక శాతం దగ్గరుంటే 4140. ఈ రెండూ కాకపోతే గోడకి తగిలించుకునే బొమ్మగానే ఉంచండి, దయచేసి కాల్చే ప్రయత్నం చేయకండి. స్టీల్ సరైనదే అయినా లోపల గాలి బుడగలున్నాయో లేదో ఎక్స్‌రే తీయించాకే మెషీన్ మీద పెట్టండి, తుపాకీ పేలేటప్పుడు మీ ముఖం ఉండేది దాని వెనకే.

పాలిష్‌కి బఫింగ్ వీల్ అస్సలు వద్దు. అంచులు గుండ్రమైపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పల్లం పడుతుంది, వెలుతురుకి వాలుగా పట్టి చూస్తే అది ఇట్టే కనిపిస్తుంది. పోత పొరని ఆకురాయితో పొడవునా లాగి తీసేయండి, తర్వాత ఎమరీ పేపర్ని చదునైన స్టీల్ ముక్కకి చుట్టి రుద్దండి, ఓపిక పడితే అంచులు కత్తిలా నిలబడతాయి. ఎముకల బొగ్గుతో చేసే రంగుల కేస్ హార్డెనింగ్ మాత్రం దాన్నే వృత్తిగా చేసేవాళ్లకి పంపండి, వేడికి రిసీవర్ వంకరపోతే బ్లాక్ గాడిలో బిగుసుకుపోతుంది.

ఇంకో మాట. డిజైన్ పాతదైనంత మాత్రాన ఇది యాంటిక్ (చట్టం పాత వస్తువుగా చూసే తుపాకీ) అయిపోదు, అమెరికా చట్టంలో ఆ లెక్క 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటికే. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో సొంతంగా చేసుకునేదానికి ముందే సీరియల్ నంబరు తీసుకోవాలి. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌ని కలిసి మీ రాష్ట్రం నిబంధన కనుక్కున్నాకే ఆకురాయి పట్టండి.

రిసీవర్ కుడివైపు ఫోటో ఒకటి, ఎక్స్‌ఆర్ఎఫ్ రీడింగ్ పెట్టండి, చూసి చెబుతాను.