అర్జీకి ముందు అడంగల్

చి. మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మన ఊరి సత్రాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలంటూ పురావస్తు శాఖకి నువ్వు రాసిన అర్జీ చదివాను. మనసు పెట్టి రాశావు. కానీ మూడు పేజీల్లోనూ సత్రం గొప్పతనమే తప్ప అది ఏ సర్వే నంబర్లో ఉందో ఒక్క ముక్క లేదు. ఆఫీసులో మొదట అడిగేది అదే రా.

మనది ఒకప్పటి ఎస్టేటు గ్రామం. 1948 చట్టంతో జమీందారీలు పోయాక సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. అప్పుడు ఏ సర్వే నంబర్లో ఏ భూమి, ఎవరిది అని రాసిన రిజిస్టరు, ఫెయిర్ అడంగలే మనకి మూలం. సత్రం జాగా గ్రామకంఠమా (ఊళ్లో ఇళ్లకి వదిలిన జాగా), పోరంబోకా (సర్కారు భూమి), ఎవరి పేరునైనా ఉందా అందులో చూడు. దేవాదాయ శాఖ లెక్కలో ఉంటే వాళ్లని కలుపుకోకుండా అడుగు పడదు. ఎఫ్.ఎం.బి., అంటే ఆ నంబరు కొలతల పటం, నకలు కూడా తీసుకో. ఇంకా పాత కాగితాలు కావాలంటే శ్రీకాకుళం పేరుతో వెతక్కు. ఈ జిల్లా పుట్టిందే 1950లో. విశాఖపట్నం జిల్లా కింద అడుగు, 1936కి ముందువైతే గంజాం జిల్లా కింద కూడా చూడు. నేను రెవెన్యూలో చేరిన కొత్తలో ఈ సంగతి తెలీక నెల రోజులు తిరిగాను.

రెండోది ఊళ్లో మాట. మొన్న టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్నే పట్టుకున్నాడు: "మా ఇళ్లు ఆళ్లు తీసేసుకుంతారేటి బాబూ?" ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. ముఖలింగం గుడి కేంద్రం వాళ్ల రక్షణలో ఉంది. అలాంటి కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త ఇల్లు కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. మనం అడుగుతున్నది రాష్ట్రం వాళ్లని, 1960 చట్టం కింద. ఆ 100 మీటర్ల లెక్క కేంద్రం కట్టడాలది. ఈ తేడా ఇంటింటికీ వెళ్లి నువ్వే చెప్పాలి. రక్షిత కట్టడం అన్నంత మాత్రాన జాగా మీద హక్కు చేతులు మారదు గానీ, ఇష్టమొచ్చినట్టు కూల్చడం, మార్చడం ఇక కుదరదు. అదీ దాచకు. ముందు నోటీసు వేసి అభ్యంతరాలకి రెండు నెలలు గడువిస్తారు. అప్పుడు పది సంతకాలు ఎదురొచ్చాయంటే ఫైలు అటకెక్కినట్టే.

ఇక నువ్వు రాసిన ఏడాది. దూలం మీద "రాక్షస నామ సంవత్సరం" అని ఉంది కాబట్టి 1855 అని రాసేశావు. ఒరే, రాక్షస అరవై ఏళ్లకోసారి వస్తుంది కదా! 1855 కావచ్చు, 1915 కూడా కావచ్చు. ఏదైనా నూరేళ్లు దాటింది కాబట్టి అర్జీకి ఇబ్బంది లేదు. తెలీని చోట పాత ఏడాది వేసి, రేపు చూడ్డానికొచ్చినవాడి దగ్గర మిగతా మాటలకీ విలువ పోగొట్టుకోకు.

ఆ అక్షరాల పక్కన శక సంవత్సరం అంకెలున్నట్టు అనుమానం. మీ కుర్రాళ్లు పండక్కి వేసిన ఎనామిల్ రంగు కింద పూడుకుపోయాయి. ఉప్పుకాయితం మాత్రం పట్టకండి. ఇలాగే ఇంకో ఊళ్లో, నేను ఎదురుగా ఉండగానే, శుభ్రం చేస్తామని ఉలితో గీకి శాసనంలో రెండు వరుసలు పోగొట్టారు. వద్దని గట్టిగా అనలేకపోయాను. ఇప్పటికీ ముల్లులా ఉంది. గోడలకి సిమెంటు కూడా వద్దు. గానుగ సున్నం గోడ ఊపిరి పీల్చాలి. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి పెచ్చులూడుతుంది. తిత్లీ తుపానుకి లేచిపోయిన పెంకుల చోట ప్రస్తుతానికి టార్పాలిన్ కట్టు, చాలు.

ఆదివారం వస్తున్నాను. నిచ్చెన, టేపు, మంచి టార్చిలైటు సిద్ధం చెయ్యి. చీకటి పడ్డాక టార్చి పక్కవాటుగా పట్టుకుంటే రంగు కింద గాట్లు నీడ పడి కనిపిస్తాయి. శక సంవత్సరం 1777 అని ఉంటే 1855, 1837 అని ఉంటే 1915. అర్జీలో ఏడాది చోటు అప్పటిదాకా ఖాళీగా ఉంచు.

మీ మావయ్య